బదిలీ కాని మూడు యూనిట్లు

కౌన్సెలర్ దగ్గర నాకు ఇరవై నిమిషాలు.
అందులో నాలుగు
ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం తినేసింది.

హాల్వర్సన్ గారు పచ్చ పెన్నుతో గీస్తున్నారు:
ఇది వెళ్తుంది, ఇదీ వెళ్తుంది,
ఇది వెళ్తుంది గానీ సగమే లెక్క,
ఇది వెళ్ళదు.

వెళ్ళనిది సెరామిక్స్.
మూడు యూనిట్లు. మంగళవారం సాయంత్రాలు.
పద్దెనిమిది వారాలు మోచేతుల దాకా మట్టి.
"ఎలక్టివ్ కింద తీసుకుంటారేమో, అడిగి చూడు ఒదీలియా"
అడిగినా ఇవ్వరని తెలిసినవాళ్ళు అనే తీరులో అన్నారు.

పొద్దున మూడింటికి మెండొన్సా వాళ్ళ డెయిరీలో
ఆరు వందల ఆవులు నాకోసం బారులు తీరతాయి.
పాలగొట్టాల రొదలో
ఒక చెవికి స్టాటిస్టిక్స్ పాఠం పెట్టుకుంటాను,
రెండోది ఆవు వెనక్కాలి మీద ఉంచుతాను.
సగటు, మధ్యగతం, గిట్ట.
ఒక్కసారే ఏమరాను.
మోకాలి కింద ఇప్పటికీ చిన్న నెలవంక.
గ్రేడు మాత్రం బి.

రెండేళ్ళ చదువుకి ఐదేళ్ళు పట్టింది,
తలప్రాణం తోకకొచ్చింది.

"ఈ వసంతంలో డబ్ల్యూ ఏమిటి? మధ్యలో మానేశావా?"
మానలేదు. ట్రక్కు మానేసింది.
నాకూ మా తమ్ముడు జెఫెరీనోకీ అదొక్కటే బండి.
బస్సు తొమ్మిదీ పదికి, క్లాసు తొమ్మిదికి;
ఆ పది నిమిషాలు నేను తొమ్మిది వారాలు పరిగెత్తాను.
అప్లికేషన్‌లో వివరణకి ఐదు వందల యాభై అక్షరాలిచ్చారు.
"గేర్‌బాక్సు పోయింది" అని రాశాక
ఇంకా ఐదు వందల పైచిలుకు మిగిలాయి.
వాటినేం చెయ్యాలో తోచలేదు.

అసలు కష్టం తర్వాతి ప్రశ్నతో:
మృత్తికా శాస్త్రమే ఎందుకు?

"చిన్నప్పటి నుంచి నేలంటే ఇష్టం" అని రాశాను.
అబద్ధం. కొట్టేశాను.
చిన్నప్పుడు నాకు నేలంటే
బూట్లకి అంటుకుని ఇంట్లో తిట్లు తినిపించేది.

మా బోరు నీళ్ళు తాగకూడదని
నా పదమూడో ఏట ఒకాయన కాగితం అంటించి వెళ్ళాడు.
నైట్రేటు. రంగు లేదు, వాసన లేదు, మరిగిస్తే ఇంకా చిక్కనవుతుంది.
అప్పటి నుంచీ ఐదు గ్యాలన్ల డబ్బాలు మోస్తున్నాం,
పేడనీళ్ళ గుంట పక్క నుంచే.

సెరామిక్స్ టీచరు ప్రియెట్ గారు
మొదటి రోజు చక్రం ముట్టుకోనివ్వలేదు.
చారెడు మట్టి చేతిలో పెట్టి
బొటనవేలితో రిబ్బనులా తోయమన్నారు.
"ఎంత పొడుగు సాగితే అంత బంక.
తెగిపోతే ఇసుక. నీళ్ళు పోసినా నిలవవు."

ఆ రాత్రి గుంట గట్టున ట్రక్కు లైట్ల వెలుగులో
మా మట్టి తడిపి తోశాను.
తెగింది.
బోరు వైపు పది అడుగులు జరిగి తోశాను.
తెగింది.
ఇంకో పది.

జెఫెరీనో హారన్ కొట్టాడు:
"ఏం పోగొట్టుకున్నావే అక్కడ?"

ఇదంతా రాసి నవంబరు ముప్ఫై రాత్రి
పదకొండూ ఇరవైకి పంపేశాను.
అక్షరాలు చాలక కామాలు తీసేశాను.
చెప్పడానికి మేలుకున్నవాళ్ళెవరూ లేరు.

ఆ కాలేజీ రెండు వందల పది మైళ్ళు.
సీటు వస్తుందో రాదో, వచ్చినా అద్దె ఎలాగో
హాల్వర్సన్ గారి పచ్చ పెన్ను చెప్పలేదు.
అయినా మా పినతండ్రి కూతురు లీడియాకి
పని నేర్పడం మొదలుపెట్టాను.
మొన్న రెండు చెవుల్లోనూ పాటలు పెట్టుకుని వచ్చింది.

ఒకటి తీసి జేబులో వేశాను.
"ఈ చెవి ఆవుది" అన్నాను.